అమ్మ చేతిలో పని లాక్కోకండి

అరవై దాటిన అమ్మానాన్నలను కంటికి రెప్పలా చూసుకుంటున్న కొడుకులకూ కూతుళ్ళకూ, కోడళ్ళకూ అల్లుళ్ళకూ ఒక బహిరంగ లేఖ

నమస్కారం.

నేను ఫిజియోథెరపిస్టుని. పదిహేడేళ్ళుగా హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళ చేత ఎక్సర్‌సైజులు చేయిస్తుంటాను. తుంటి ఎముక విరిగినవాళ్ళు, మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళు, పక్షవాతం నుంచి తేరుకుంటున్నవాళ్ళు, ఇలా నాకు రోజూ ఎదురయ్యేవాళ్ళు వీళ్ళే. ఈ నాలుగైదేళ్ళుగా మాత్రం ఇంకో రకం ఫోన్లు ఎక్కువయ్యాయి. "మేడమ్, అమ్మకి జబ్బేమీ లేదు. టెస్టులన్నీ నార్మల్. కానీ కూర్చుంటే లేవలేకపోతోంది." ఈ ఉత్తరం ఆ ఇళ్ళ కోసం.

అమ్మానాన్నల్ని పట్టించుకోని పిల్లల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాస్తున్నది పట్టించుకునే మీకు. అమ్మ మంచినీళ్ళ కోసం లేవబోతే "నువ్వు కూర్చో అమ్మా, నేను తెస్తా" అని పరిగెత్తే మీకు. నాన్న కూరగాయలకి వెళ్తానంటే "ఈ ఎండలో ఎందుకు నాన్నా, ఫోన్‌లో ఆర్డర్ పెడతా" అనే మీకు. ఆ మాటల్లో ఎంత ప్రేమ ఉందో నేను రోజూ చూస్తున్నాను. ఆ మాటల వల్ల ఏం జరుగుతోందో కూడా చూస్తున్నాను.

కిందటేడు వేసవిలో నిజాంపేటలో ఒక ఇంటికి వెళ్ళాను. ఆవిడకి డెబ్బై నాలుగేళ్ళు. అమలాపురం దగ్గర పల్లెటూరు. భర్త పోయాక పెద్దబ్బాయి పట్టుబట్టి ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఆవిడ గదిలోకి వెళ్ళగానే నా కళ్ళు పడింది సోఫా పక్కనున్న చిన్న టేబులు మీద. ఫ్లాస్కు, గ్లాసు, మందుల డబ్బా, టీవీ రిమోటు, కళ్ళజోడు, సెల్‌ఫోను, తమలపాకుల డబ్బా. అన్నీ వరుసగా సర్ది ఉన్నాయి. చెయ్యి చాపితే అందనిది ఒక్కటీ లేదు. కోడలు ఎంత శ్రద్ధగా సర్దిందో! రోజుకి ఒక్కసారి కూడా లేవక్కర్లేకుండా సర్దింది.

"మామ్మగారూ, చేతులు రెండూ గుండెలకి అడ్డంగా పెట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా కుర్చీలోంచి లేవండి" అన్నాను. ముందుకి ఊగారు, పడిపోయారు వెనక్కి. రెండోసారీ అంతే. మూడోసారి ఎలాగో లేచి నిలబడి, "అదేంటమ్మాయ్, కాళ్ళు నావి కానట్టున్నాయి" అన్నారు. అర నిమిషం గడియారం పెట్టి లెక్కిస్తే రెండు సార్లు లేచారు. ఆ వయసు ఆడవాళ్ళు అర నిమిషంలో కనీసం పది సార్లు లేచి కూర్చోగలగాలి. అంతకన్నా తగ్గితే పడిపోయే ప్రమాదం ఎక్కువని లెక్క. డెబ్బైల్లో ఉన్న మగవాళ్ళకైతే పదకొండు, పన్నెండు.

ఆవిడకి మోకాలి నొప్పి కూడా పెద్దగా లేదు. అందుకే అడిగాను, ఊళ్ళో ఉన్నప్పుడు రోజు ఎలా గడిచేదని. చెబుతుంటే ముఖం వెలిగిపోయింది. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లడం. గొంతుక్కూర్చుని ముగ్గు పెట్టడం. బోరింగు కొట్టి రెండు బిందెలు వంటింట్లోకి తేవడం. కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుక్కోవడం. దొడ్లో ఆనపపాదుకి నీళ్ళు, మునగచెట్టు కింద రాలిన ఆకు ఎత్తడం. సాయంత్రం రామాలయానికి నడిచి వెళ్ళి, అరుగు మీద కాసేపు కూర్చుని రావడం. నేను వేళ్ళు మడిచి లెక్కపెడుతూనే ఉన్నాను. నేల మీద కూర్చుని లేవడమే రోజుకి ముప్పై సార్లకి తక్కువ లేదు. మూడంతస్తుల జిమ్ముకి డబ్బు కట్టినా ఇన్ని గుంజీలు ఎవరూ తీయించరు.

హైదరాబాద్ వచ్చాక వాకిలి లేదు, ముగ్గు లేదు. నేల మీద కూర్చోవాల్సిన పనే లేదు. అన్నీ కుర్చీ ఎత్తులో ఉన్నాయి: భోజనాల బల్ల, కమోడ్, మంచం, సోఫా. పనిమనిషి, వంటమనిషి ఉన్నారు. వచ్చిన కొత్తలో ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తానని చాట తీసుకుంటే, "మీకెందుకత్తయ్యా శ్రమ" అని కోడలు తీసేసుకుందట. రెండు మూడు సార్లు అలా జరిగాక ఆవిడే అడగడం మానేశారు. ఏడాదిన్నరలో ఆ కాళ్ళలోంచి డెబ్బై ఏళ్ళు కూడబెట్టిన సత్తువ పోయింది.

మనవాళ్ళు దీన్ని "వయసు మీద పడింది" అంటారు. వయసు వల్ల కండ తగ్గే మాట నిజమే. ముప్పై, నలభై మధ్య నుంచే మొదలవుతుంది. పదేళ్ళకి మూడు నుంచి ఎనిమిది శాతం దాకా కండ కరుగుతుందని, అరవై దాటాక ఆ వేగం పెరుగుతుందని వైద్యులు చెబుతారు. కండ కన్నా బలం ఇంకా త్వరగా తగ్గుతుంది. అయితే వాడుతూ ఉన్న కండ నెమ్మదిగా తగ్గుతుంది, వాడని కండ జారిపోతుంది. అన్నిటికంటే ముందు పోయేది తొడల ముందు భాగంలోని కండ, పిరుదుల కండ. కమోడ్ మీంచి లేవడానికి, మెట్లెక్కడానికి, కాలు తట్టుకున్నప్పుడు తూలకుండా నిలదొక్కుకోవడానికి కావాల్సినవి అవే. బరువు చూస్తే తేడా తెలియదు, ఎందుకంటే కండ పోయిన చోట కొవ్వు చేరుతుంది. "అమ్మ బాగా ఒళ్ళు చేసింది, హైదరాబాద్ నీళ్ళు పడ్డాయి" అనుకుంటాం.

మీ ఇంటి తప్పు ఎత్తి చూపే ముందు నా ఇంటి సంగతి చెప్పాలి.

ఆరేళ్ళ కిందట మా నాన్నకి నిమోనియా వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అప్పుడాయనకి డెబ్బై ఒకటి. జ్వరం నాలుగో రోజే తగ్గింది. ఆక్సిజన్ కూడా తీసేశారు. ఐదో రోజు నుంచి "బాత్రూముకి నేను వెళ్తానే" అని ఆయన లేవబోతే, వద్దు వద్దని యూరిన్ క్యాన్ అందించింది నేను. ఎక్కడ కళ్ళు తిరిగి పడతారోనని భయం. పేషెంట్లకి రోజూ చెప్పే పాఠం నాన్న దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను. డిశ్చార్జ్ రోజున కారు దిగి మా ఇంటి మూడు మెట్లు ఎక్కలేకపోయారు. లుంగీ కింద పిక్కలు చూస్తే నాకు ఏడుపు ఆగలేదు. ఆ తొమ్మిది రోజుల్లో పోయింది తెచ్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. అదీ కూతురు ఫిజియో కాబట్టి.

2007లో అమెరికాలో పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళనే, సగటున అరవై ఏడేళ్ళ వాళ్ళని, పది రోజులు మంచం మీద పడుకోబెట్టి చూశారు. జ్వరం లేదు, జబ్బు లేదు, ఉత్త విశ్రాంతి. పది రోజుల్లో వాళ్ళ కాళ్ళ నుంచి దాదాపు కిలో కండ పోయింది. మన ఇళ్ళలో ఒంట్లో బాగోలేదంటే మొదటి మందు మంచమే. అందుకే ఈసారి అమ్మనో నాన్ననో ఆసుపత్రిలో చేర్పించాల్సి వస్తే, రోజూ రౌండ్స్‌కి వచ్చే డాక్టర్ని ఈ ఒక్క మాట అడగండి: "ఇవాళ మంచం దిగి కూర్చోబెట్టొచ్చా? నడిపించొచ్చా?" వద్దనడానికి కారణం ఉంటే వాళ్ళే చెబుతారు. కారణం లేనప్పుడు మన భయంతో మంచానికి కట్టేయకండి.

పోయిన బలం ఈ వయసులో తిరిగి వస్తుందా అని చాలామంది నన్ను మెల్లగా, అమ్మకి వినపడకుండా అడుగుతారు. వస్తుంది. 1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళ అటూ ఇటూ ఉన్న పదిమందిని తీసుకుని, ఎనిమిది వారాలు తొడలతో బరువులెత్తించింది. నీరసించిపోయి ఉన్న మనుషులు. పూర్తిచేసినవాళ్ళ తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. వాళ్ళెవరూ పహిల్వాన్లు కారు. కండకి పని చెబితే ఏ వయసులోనైనా వింటుందన్నది నేను నా కళ్ళతో చూసిన సంగతి కూడా.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మ గారిని తలుచుకోండి. 1929లో బందరులో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిటైరై, తొంభై దాటాక కూడా విశాఖ నుంచి విజయనగరం వెళ్ళి పిల్లలకి ఫిజిక్స్ పాఠాలు చెప్పారు. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక రెండు చేతికర్రల ఊతంతో నడుస్తూ వెళ్ళేవారు. ఆవిణ్ణి ఎవరైనా "ఎందుకమ్మా శ్రమ, ఇంట్లో కూర్చోండి" అని ఉంటే ఆ పిల్లలు ఎంత పోగొట్టుకునేవారో, ఆవిడ ఎంత పోగొట్టుకునేవారో ఆలోచించండి.

"మా నాన్న రోజూ పార్కులో అరగంట నడుస్తారండీ, ఇంకేం కావాలి?" అని అడుగుతారు. నడక చాలా మంచిది, గుండెకి, షుగరుకి, నిద్రకి, మనసుకి. అది మానొద్దు. కానీ చదునైన నేల మీద నడిచినంత మాత్రాన తొడ కండకి చాలినంత బరువు పడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో అరవై ఐదు దాటినవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి శ్రమతో పాటు, కనీసం రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం, కనీసం మూడు రోజులు తూలకుండా నిలబడే సాధన కూడా ఉండాలని చెప్పింది. మొదటిది మన పార్కుల్లో జరుగుతోంది. మిగతా రెండూ దాదాపు ఎవరూ చేయడం లేదు. ఇంట్లో చేయడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి గోడకి ఆనించి వేసి, దాంట్లోంచి పది సార్లు లేచి కూర్చోవడం. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మెల్లగా, మూడు అంకెలు లెక్కపెడుతూ. కాసేపాగి ఇంకో పది. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం. అదే గట్టు దగ్గర ఒంటికాలి మీద పది అంకెలు నిలబడటం, వేళ్ళు గట్టుకి తాకుతూ ఉంటే చాలు. పప్పు ఉడికేలోపు అయిపోతుంది. గుండె ఆపరేషన్ లాంటివి అయినవాళ్ళు, నడిస్తే ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చేవాళ్ళు ముందు డాక్టర్ని అడిగి మొదలుపెట్టాలి.

మోకాళ్ళ విషయం ఒకటి చెప్పి తీరాలి. "గుజ్జు అరిగిపోయిందన్నారు, అందుకే నడవనివ్వడం లేదు" అనే మాట వినని వారం లేదు. బండి టైరు అరిగినట్టు మోకాలు అరుగుతుందని, తిప్పితే ఇంకా అరుగుతుందని అందరి మనసుల్లో పడిపోయింది. మోకాలి కీలు అలా పనిచేయదు. కీలు కదిలితేనే దాని లోపలి మృదులాస్థికి, అంటే మనం గుజ్జు అనేదానికి, పోషణ అందుతుంది. మోకాలి మీద పడే బరువులో తన వాటా మోసేది తొడ కండ. అది బలహీనపడితే బరువంతా కీలు మీదే పడుతుంది. అందుకే ప్రపంచమంతా కీళ్ళ అరుగుదలకి మొదటి చికిత్సగా చెప్పేది వ్యాయామమే. మొదట్లో కొంచెం నొప్పి ఉంటుంది. చేసిన మర్నాటికి సర్దుకునే నొప్పి అయితే కంగారు అక్కర్లేదు. వాపు వచ్చినా, రోజురోజుకీ పెరిగినా ఆపి చూపించుకోవాలి.

మీ టెన్షన్ నాకు తెలుసు. పడిపోతే? ఒకసారి తుంటి విరిగితే ఇల్లంతా ఎలా తలకిందులవుతుందో నాకంటే ఎక్కువ చూసినవాళ్ళు తక్కువ. అందుకే చెబుతున్నాను, పడతారని కూర్చోబెడితే కాళ్ళు బలహీనపడతాయి, బలహీనపడితే తప్పకుండా పడతారు. మనిషిని కూర్చోబెట్టే బదులు ఇంటిని సరిచేయండి. కమోడ్ పక్కన, స్నానం చేసేచోట గోడకి స్టీలు రాడ్డు బిగించండి. తువ్వాలు వేసుకునే రాడ్డు మనిషి బరువుకి ఊడిపోతుంది, అది లెక్కలోకి రాదు. బాత్రూం గుమ్మం ముందు జారే పట్టాలు తీసేయండి. మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా జీరో బల్బు వెలగాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు పడుకున్నచోట నుంచి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరగొచ్చు. మంచం అంచున కాళ్ళు వేలాడేసి ఒక నిమిషం కూర్చుని లేవమనండి. అయినా తూలుతుంటే మాత్రల జాబితా పట్టుకెళ్ళి డాక్టర్‌కి చూపించండి. కంట్లో శుక్లం ఉంటే వాయిదా వేయకుండా తీయించండి. మెట్టు అంచు కనపడక పడినవాళ్ళు నా దగ్గర లెక్కలేనంతమంది.

ఇక తిండి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఏం తింటున్నారో ఒక వారం కాస్త గమనించండి. పొద్దున్న రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నంలో చారు, రాత్రి "ఆకలి లేదమ్మా, నాలుగు మెతుకులు మజ్జిగలో కలుపుకుంటా". పళ్ళు లేక మాంసం మానేస్తారు, గ్యాసని పప్పు మానేస్తారు, కొలెస్ట్రాలని గుడ్డు మానేస్తారు. కండ దేంతో తయారవుతుంది మరి? మన దేశంలో పద్దెనిమిదేళ్ళు దాటిన అందరికీ కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ అని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో చెప్పింది. అరవై ఐదు దాటినవాళ్ళకి అది చాలదు, ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా కావాలని వృద్ధుల పోషణ మీద పనిచేసే నిపుణులు అంటున్నారు. అరవై కిలోల మనిషికి రోజుకి అరవై గ్రాముల పైమాటే. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, పెద్ద గ్లాసు పాలలో ఆరేడు, గుప్పెడు కందిపప్పులో ఓ ఆరు. చారన్నం, మజ్జిగన్నం మీద అది ఎలా వస్తుందో మీరే లెక్క వేయండి. పెసరట్టు, ముద్దపప్పు, ఉడికించిన శనగలు, గట్టి పెరుగు, మెత్తగా వండిన చేప, గుడ్డు, వీటిలో ఇష్టమైనది మూడు పూటలా ఏదో ఒకటి పళ్ళెంలో ఉండేలా చూడండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ చెప్పినంతే తినాలి. పళ్ళు కట్టించడం షోకు కాదు. నమిలి తినలేని మనిషి కండ పెట్టలేడు.

మళ్ళీ మామ్మగారి దగ్గరికి వస్తాను. వారానికి మూడు రోజుల చొప్పున కుర్చీ ఎక్సర్‌సైజులు చేయించాను. కానీ మొదటి రోజు నేను చేసిన పని సోఫా పక్క టేబులు ఖాళీ చేయించడం. మంచినీళ్ళు వంటింట్లో, మందులు హాల్లో, ఫోను చార్జింగు ఇంకో గదిలో. కోడలికి మొదట కష్టమనిపించింది. "మా అత్తయ్యని ఇలా తిప్పితే చూసినవాళ్ళు ఏమనుకుంటారండీ?" అంది. ఈ మాట చాలా ఇళ్ళలో ఉంది, పైకి అనరంతే. తల్లి పనిచేస్తూ కనపడితే పరువు తక్కువ, కాలు కదపకుండా కూర్చుంటే గౌరవం. ఈ లెక్కని మార్చుకోమని మిమ్మల్ని చేతులు జోడించి అడుగుతున్నాను. అలసిపోయేలా చాకిరీ చేయించమని కాదు, మనవల్ని అప్పజెప్పి రోజంతా పరిగెత్తించమనీ కాదు. ఆవిడ చేయగలిగిన పని, చేయాలనిపించిన పని ఆవిడకి ఉండనివ్వండి. చిక్కుళ్ళు ఒలవడం, బాల్కనీలో కుండీలకి నీళ్ళు, ఉతికిన బట్టలు మడతపెట్టి ఎవరి బీరువాలో వాళ్ళకి పెట్టి రావడం, పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగడం.

నాలుగో నెలకి ఆవిడ అర నిమిషంలో తొమ్మిది సార్లు లేచారు. సంక్రాంతి నెల పెట్టగానే ఫ్లాటు గుమ్మం ముందు, కారిడార్‌లో రెండడుగుల చోట ముగ్గు పెడతానన్నారు. చిన్న పీట వేసుకుని కూర్చున్నారు, కోడలు పక్కన నిలబడింది. నాలుగు చుక్కల ముగ్గు. లేచేటప్పుడు కోడలు చెయ్యి చాపితే, "ఉండు, నేను లేస్తాను" అని గుమ్మం పట్టుకుని లేచారు. ఆ కోడలు ఆ రోజు ముగ్గు ఫోటో పంపింది నాకు. గీతలు కాస్త వంకరపోయాయి. నా ఫోన్‌లో ఇంకా ఉంది.

గుడిలో దర్శనం అయ్యాక మండపంలో కూర్చుని మన పెద్దలు చదువుకునే శ్లోకం మీరూ వినే ఉంటారు: "అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం". బతికినన్నాళ్ళూ ఒకరి ముందు చెయ్యి చాపకుండా బతకాలని, బాధపడకుండా పోవాలని దేవుణ్ణి అడుగుతారు. ఇంట్లో మామూలు మాటల్లో కూడా "మంచాన పడకుండా, కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే పోవాలి" అంటూ ఉంటారు. వాళ్ళకి ఏం కావాలో ఎప్పటినుంచో మనకి చెబుతూనే ఉన్నారు.

ఈ ఆదివారం మీరు ఒక పని చేయండి. అమ్మ పక్క ఊళ్ళో ఉంటే వెళ్ళండి, మీరు అమెరికాలో ఉంటే వీడియో కాల్‌లో ఇంకొకరిని పక్కన నిలబడమనండి. చేతులు లేని కుర్చీ గోడకి ఆనించి వేసి, చేతులు గుండెలకి అడ్డంగా పెట్టించి, అర నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చున్నారో లెక్కపెట్టండి. ఒక్కసారీ లేవలేకపోయినా తిట్టకండి, భయపెట్టకండి, సున్నా అని రాసుకోండి. తర్వాత అదే కుర్చీలో మీరూ కూర్చుని లేవండి. నలభై ఐదేళ్ళకే రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే మీ కాళ్ళ సంగతి కూడా తేలుతుంది. రెండు అంకెలూ వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీద, ఆ తేదీ గడిలోనే రాయండి. నెల తర్వాత మళ్ళీ అదే కుర్చీ.

ఇట్లు,
మీ ఇళ్ళకి వచ్చిపోయే ఒక ఫిజియోథెరపిస్టు,
హైదరాబాద్